తెల్లబిళ్ళల ఉండలు

కార్తీకం, గాలివాన వెలిసిన మర్నాడు

ఇవాళ పొద్దుటి పొడులు ఆలస్యమయ్యాయి. నీటిపాలెంలో ఈ పొడుల గది నా చేతికి వచ్చాక ఇలా జరగడం ఇదే మొదలు. కాబట్టి గదీ, నా మాటలన్నీ విని రాసుకునేదానివి నువ్వే కదా, తప్పు ఈ పేరంటాలుది కాదని, గాలివానదని స్పష్టంగా రాసుకో. మా ఊరి ఇళ్ళు మోసే తెప్పలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే, పొడులు కొలిచి లెక్క చూసే తూకంపెట్టె మొరాయించింది. నాలుగు తిట్లు తిట్టి వీపు మీద ఒకటి చరిస్తే గానీ లేవలేదు.

ఎప్పటిలాగే ఇంటింటికీ పొట్లాలు కట్టాను. పొద్దున ఇనుము పొడి, నిమ్మరసంతో. అందులోనే చిటికెడు రాగి, ఇంకా ఒకటి రెండు రకాలు. మధ్యాహ్నం జింకు, అదే తెల్లబిళ్ళ. రాత్రి అన్నంతో కాల్షియం. వీటన్నిటినీ ఒక్క పూటే మింగేస్తే పని తేలికవుతుంది కదా అని కొత్తగా కాపురానికొచ్చిన ప్రతి పిల్లా నన్ను అడుగుతుంది. ఇనుముకూ కాల్షియానికీ పడదు. జింకు వచ్చి ఇనుముతో జాగా కోసం తగువు పడుతుంది. ఒకే వంటింట్లో అత్తాకోడళ్ళలాగ అన్నమాట, వేళలు వేరు చేస్తేనే ఇల్లు నిలబడుతుంది. ఇంత చెప్పినా గవరయ్య తాత ఇనుము పొడిని టీతోనే మింగుతాడు. ఆవిరి నుంచి పట్టిన మన నీళ్ళలో ఏ సారమూ లేదు, నీళ్ళ పళ్ళేల్లో పెరిగిన కూరల్లోనూ లేదు, ఉన్నదంతా ఈ పొట్లంలోనే ఉంది తాతా అంటే, "ఆయ్, తెలుసమ్మా" అంటాడు. మళ్ళీ టీ అడుగుతాడు.

అసలు సంగతి వరాలుది. వరాలు నా తోడికోడలు, ఊరికి తాళ్ళమనిషి. తెప్పకీ తెప్పకీ మధ్య కట్టిన తాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి ముళ్ళు చూసి వస్తుంది. నిన్నటి గాలిలో బడి తెప్ప తాడు తెగింది. పిల్లలు లోపలే ఉన్నారు. వరాలు తడితాడు మీద నడిచి వెళ్ళి, తెగిన కొసని చేతికి చుట్టుకుని, జనం వచ్చేదాకా పట్టుకుని ఉంది. అరచెయ్యి ఎముక కనబడేలా కోసుకుపోయింది. డాక్టరు ఫిలోమినమ్మ గారు కుట్లు వేస్తుంటే ఇది నవ్వుతూ, "అక్కా, ఈ చేత్తో వారం దాకా అంట్లు తోమక్కర్లేదు" అంది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రానికి గది ముందు మూతకుండ పెట్టారు. ఊరి కోసం నెత్తురు కార్చినవాళ్ళకి బిళ్ళ పెట్టడం మా ఆచారం. జింకు గాయాలు మాన్పుతుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. ప్రతి ఇంటివాళ్ళూ రోజూ తమ మధ్యాహ్నపు తెల్లబిళ్ళ తాము వేసుకోకుండా తెచ్చి కుండలో వేసి వెళతారు. ఎవరు వేశారో చూడకూడదు. ఎన్ని పడ్డాయో లెక్క పెట్టకూడదు. పెట్టినదాన్ని లెక్క చూసేవాళ్ళని మా ఊళ్ళో మనుషుల కింద జమకట్టరు. ఏడాది తిరిగేదాకా కుండ తియ్యకూడదు కూడా. ఇవాళ మూత పట్టలేదు.

మార్గశిరం, చలి మొదలు

వరాలు చెయ్యి మానింది. ఫిలోమినమ్మ గారు కుట్లు విప్పుతూ, ఇంత త్వరగా మానడం చూడలేదన్నారు. నేను లోపల పొంగిపోయాను. ఎందుకంటే ఆ బిళ్ళలన్నీ నూరి, వేయించిన బియ్యప్పిండిలో కలిపి, పాకం పట్టి ఉండలు చేస్తున్నది నేను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నా చేత్తో దాని నోట్లో పెడుతున్నాను.

మా మరిది చేపల ఓడ మీద పోయి ఏ ఆరు నెలలకో వస్తాడు. నా మొగుడు పోయి చాలా కాలమైంది. ఇద్దరు ఆడవాళ్ళం ఒకే తెప్ప మీద, ఒకే పొయ్యి దగ్గర. మొదట్లో ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దాని మీద నెలరోజులు మాటల్లేవు. ఇప్పుడు అది కాస్త ఆలస్యంగా వస్తే నాకు అన్నం సయించదు. ఈ ముక్క నువ్వు రాసుకో గానీ దానికి మాత్రం చదివి వినిపించకు.

నెల తిరిగింది కాబట్టి తూకంపెట్టె తన మామూలు ప్రశ్న అడిగింది. వరాలు పొట్లం కాకుండా బయటిది ఏమైనా తింటోందా అని. లేదన్నాను. పెట్టిన బిళ్ళ గురించి పెట్టెకి చెప్పకూడదు, అది లెక్క కట్టేస్తుంది. మా అత్తగారు ఈ గదిలో ఉన్నప్పుడూ అంతే చెప్పేది.

మాఘం, పొగమంచు

ఇవాళ వరాలు ఉండ చేత్తో పట్టుకుని కూర్చుంది, నోట్లో పెట్టుకోదు.

"అక్కా, ఇవింక ఆపెయ్యచ్చా? తింటే కడుపులో తిప్పేత్తంది. నోరంతా తుప్పు నాకినట్టుంటంది."

"ఏం, పాకం కుదరలేదా?"

"పాకం కాదక్కా. చెయ్యి మానిపోయింది కదా. ఇంకా ఎందుకని."

నాకు చిర్రెత్తుకొచ్చింది. బడి తెప్ప మీద పిల్లలున్న ప్రతి ఇల్లూ తమ నోటి దగ్గరిది తీసి పెడుతున్నారు, నీకు పాపం నోరు బాగోలేదా అన్నాను. ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే ఏ మొహం పెట్టుకుని తిరుగుతావన్నాను. ఇంకా ఏవో కూడా అన్నాను, అవి రాయనక్కర్లేదు. వరాలు ఉండ నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, తాళ్ళ మీదకి పోయింది.

పొగమంచులో దాని వీపు కనబడకుండా పోయేదాకా చూశాను. తిననంటే ఊరుకోని మొండితనం నాకు మా అత్తగారి నుంచే వచ్చింది.

చైత్రం, ఎండలు

వరాలు మొహం పాలిపోయింది. నిచ్చెన ఎక్కితే ఆయాసం. గట్టు మీది ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గట్టంటే, మునిగిపోయిన పాత ఊరి ధాన్యపు గిడ్డంగి పైకప్పు. కదలని నేల మాకు దగ్గర్లో అదొక్కటే. నెత్తురు చాలా తక్కువగా ఉందని డాక్టరు గారు అన్నారు. ఇనుము పెంచమన్నారు. తూకంపెట్టె కూడా అదే చెప్పింది. నాకు ధైర్యం వచ్చింది, ఇది నాకు చేతనైన పని.

ఇక నేను ఏం జాగ్రత్తలు పడుతున్నానో చూడాలి. ఇనుము పరగడుపున, నిమ్మరసంతో. తరవాత గంట దాకా టీ లేదు. కాల్షియం రాత్రికి నెట్టాను. ఉండ ఇనుముకి అడ్డం రాకుండా పొద్దుటిది మధ్యాహ్నానికి జరిపాను. దేనికి ఏది పడదో ఈ ఊళ్ళో నాకంటే తెలిసినవాళ్ళు లేరు. గవరయ్య తాతతో ఆ మాటే అన్నాను కూడా. "ఆయ్, నువ్వుండగా దానికేం భయవమ్మా" అన్నాడు తాత. ఆయన మనవడు బడి తెప్ప మీద ఉన్నాడు ఆ రోజు. ఒక్కపూట కూడా కుండ దగ్గరికి రాకుండా ఉండడు. చూడకూడదు గానీ, ఆయన దగ్గు వినబడుతుంది కదా.

వైశాఖం, పోటు ఎక్కువ

వరాలు కిందకి చూస్తూ నడుస్తోంది.

చిన్న విషయమే. కానీ నేను దాన్ని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. చేతిలో నీళ్ళబిందె, భుజాన తాడు చుట్ట, నోట్లో పాట, కళ్ళు ఎప్పుడూ అవతలి తెప్ప మీద. పాదాలెక్కడ పడుతున్నాయో దానికి చూడాల్సిన పని ఉండేది కాదు. ఇవాళ గుమ్మం దాటడానికి కూడా కాళ్ళకేసి చూసుకుంది. చెప్పు ఒకటి వాకిట్లోనే ఊడిపోయి ఉంటే, ఒంటి చెప్పుతో బడి తెప్ప దాకా వెళ్ళింది. పిల్లలు నవ్వేదాకా దానికి తెలియలేదు.

"కాళ్ళకి దళసరి గుడ్డ చుట్టినట్టుంటందక్కా. నేల తగలట్లేదు," అంది.

"నెత్తురు లేక. ఇనుము పనిచెయ్యాలి, కాస్త ఓపిక పట్టు."

"చీకట్లో అయితే మరీ తూలిపోతన్నాను."

"పోటు చూశావా ఎలా ఉందో? నేనూ తూలుతున్నాను."

అది నిజమే. తెప్పల మీద పుట్టి పెరిగినవాళ్ళం, ఊగకుండా నడిచే మనిషి మాలో ఎవరు? కదలని గట్టు మీద అయితే ఇంకా అన్యాయం, అక్కడ అడుగు పెడితే తాగినవాళ్ళలాగ అందరం అటూ ఇటూ పడతాం. కిందటిసారి వరాలు ఆసుపత్రి గుమ్మంలో తూలితే ఫిలోమినమ్మ గారు నవ్వి, నీటిపాలెం వాళ్ళని దూరం నుంచే గుర్తుపడతానన్నారు. మేమూ నవ్వాం. వరాలు కూడా నవ్వింది.

ఆషాఢం, ముసురు

వరాలు తాడు మీద నుంచి పడిపోయింది.

గాలి లేదు. పట్టపగలు. తాడు కూడా అది నిన్ననే బిగించినది. నడుస్తూ నడుస్తూ, ఎవరో పిలిస్తే తలెత్తి చూసిందట. అంతే, నీళ్ళలో పడింది. వలల వాళ్ళు లాగి పైకి వేశారు. నేను వెళ్ళేసరికి తెప్ప మీద తడిబట్టలతో కూర్చుని తన పాదాలు రెండూ చేతుల్తో పట్టుకుని ఉంది, ఎవరివో పాదాలన్నట్టు చూస్తోంది.

గట్టు మీద ఫిలోమినమ్మ గారు ఈసారి నవ్వలేదు. నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. మూసుకోగానే వరాలు నరికిన చెట్టులా పక్కకి ఒరిగింది, నేను పట్టుకున్నాను. నన్నూ నిలబెట్టి కళ్ళు మూయించారు. నేను ఊగాను గానీ పడలేదు. వరాలు బొటనవేలు పట్టుకుని పైకీ కిందకీ కదుపుతూ, ఎటు కదిపానో చెప్పమన్నారు. అది చెప్పలేకపోయింది. అడిగిన ప్రతిసారీ, ఊహించి చెబుతోందని నాకే తెలిసిపోయింది.

నెత్తురు మళ్ళీ చూశారు. ఇన్ని నెలల ఇనుము ఏమైందో ఏమో, ఇంకా తగ్గింది. తెల్లకణాలు కూడా పడిపోయాయి. డాక్టరు గారు ఆ అంకెలు చూసి, నా వైపు తిరిగారు.

"పేరంటాలు గారూ, ఈవిడ పొట్లం కాకుండా ఇంకేం తింటోంది?"

లేదు అనడానికి నోరు తెరిచాను. అలవాటైన మాట కదా. వరాలు నా మొహంలోకే చూస్తోంది. అప్పుడు చెప్పాను. కుండ సంగతి, ఉండల సంగతి, కార్తీకం నుంచి రెండు పూటలా.

"ఎన్ని బిళ్ళలుంటాయండి రోజుకి?"

"లెక్క పెట్టమండి," అన్నాను. ఆ మాట చెబుతుంటేనే నా గొంతు నాకు నచ్చలేదు.

ఆవిడ కోప్పడలేదు. రెండు సీసాల నెత్తురు తీసి కొండ మీది పెద్దాసుపత్రికి పడవలో పంపారు. ఇవాళ్టి నుంచి ఒక్క ఉండ కూడా పెట్టొద్దన్నారు.

శ్రావణం, కబురు వచ్చిన రోజు

వరాలు ఒంట్లో జింకు గుట్టలుగా ఉందట. రాగి దాదాపు లేనే లేదట.

రాగి. పొద్దుటి పొడిలో నేను వేసే చిటికెడు. అది ఉందో లేదో కూడా ఎవరూ అడగరు. గాయం మానేది జింకుతో, నెత్తురు పట్టేది ఇనుముతో, ఎముక గట్టిపడేది కాల్షియంతో. రాగి గురించి మా ఊళ్ళో ఒక్క పాట కూడా లేదు.

డాక్టరు గారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. జింకు అంతగా ఎక్కువైతే పేగు గోడ జాగ్రత్త పడి ఒక పదార్థాన్ని తయారు చేసుకుంటుందట. అది జింకు కంటే రాగిని గట్టిగా పట్టేసుకుంటుంది. రాగి నెత్తురులోకి వెళ్ళదు, పేగు పొర రాలినప్పుడు దాంతోపాటే బయటికి పోతుంది. రాగి లేకపోతే ఎంత ఇనుమిచ్చినా ఒళ్ళు దాన్ని వాడుకోలేదు. వెన్నులో నరాలు చెడతాయి. పాదం ఎక్కడుందో మెదడుకి చెప్పే నరాలు అవే.

"నేనూ ముందే పోల్చుకోవలసింది. ఇనుము పట్టడం లేదన్నప్పుడైనా," అన్నారావిడ. పెద్దమనసుతో అన్నారు గానీ, ఆవిడకి తెలియనిది నాకు తెలుసు. పెట్టె ప్రతి నెలా అడిగింది. నేను ప్రతి నెలా లేదన్నాను.

ఇంటికొచ్చి వరాలుకి చెప్పాను. దాచిపెట్టి చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు చెప్పాను. మన ఉండల వల్లే, నా చేతి ఉండల వల్లే అన్నాను. చేప తోముతోంది అది. చెయ్యి ఆపింది.

"మాఘంలో అడిగాను కదక్కా," అంది.

అంతే అంది. మళ్ళీ చేప తోముకుంది. తిట్టినా బాగుండేది, అన్నం పళ్ళెం విసిరికొట్టినా బాగుండేది. మంచు పట్టిన ఆ పొద్దుట అది ఉండ పట్టుకుని కూర్చోవడం, నేను నోరు పారేసుకోవడం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఒళ్ళు తానే వద్దని చెప్పింది. అది నాతో చెప్పింది. నేను ఊరి పరువు తీసుకొచ్చి దాని నోట్లో కుక్కాను.

భాద్రపదం, కుండ తీసిన రోజు

ఏడాది తిరగకుండా కుండ తియ్యడం ఎన్నడూ లేదు. తీశాను. సాయంత్రం జనం గది ముందుకి వచ్చి నిలబడ్డారు.

గవరయ్య తాత మొహం ఎర్రబడింది. "మా బిళ్ళ ఇసవంటావేంటమ్మా? నా మనవణ్ణి కాపాడిన తల్లికి ఇసం పెట్టేనంటావా నేను?"

"విషం కాదు తాతా. ఒకటైతే మందు. మీరు ప్రేమగానే పెట్టారు. అన్నీ పోగేసి, కొలత లేకుండా తినిపించింది నేను."

"పెట్టిందాన్ని కొలుత్తారేటి ఎవరైనా?"

"ఇక కొలుస్తాను. పెట్టెకీ చెబుతాను. ఎవరు ఎవరికి ఏం పెట్టినా ముందు నాకు చెప్పి పెట్టండి. వద్దన్న రోజు ఆగండి."

గుంపులో ఎవరో, డబ్బాల్లో అమ్ముకునే మందులాగ చేసేసింది ఆచారాన్ని, అన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది, డాక్టరు గారు చెప్పమన్నారు. ఇన్నాళ్ళూ తమ బిళ్ళ మానేసి పెట్టినవాళ్ళ ఇళ్ళలో పుళ్ళు త్వరగా మానడం లేదు, పిల్లలకి తిండి రుచించడం లేదు. అది విన్నాక కొందరు తల్లులు తలొంచుకుని వెళ్ళిపోయారు.

గవరయ్య తాత చివరిదాకా ఉన్నాడు. "పిల్ల మళ్ళా తాడెక్కుద్దా?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆ పెద్దాయన కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకు ఓదార్చడానికి మొహం చెల్లలేదు.

ఆశ్వయుజం, ఎండ కాసిన రోజు

నెత్తురు తిరిగొచ్చింది. వరాలు బుగ్గల్లో రంగు కనబడుతోంది, ఆయాసం లేదు, తెల్లకణాలు కూడా సరిపోయాయి. నెత్తురుకి కావలసింది అందితే అది త్వరగానే కోలుకుంటుందని ఫిలోమినమ్మ గారు చెప్పారు. కాళ్ళ సంగతి అడిగాను. ఇంతకంటే చెడవు అన్నారు. కొంచెం మెరుగు కావచ్చు, చాలామందికి పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాదు అన్నారు. వరాలు నా పక్కనే కూర్చుని విన్నది. "అర్థమైందండి," అంది.

తాళ్ళపని ఇంకొకరికి అప్పగించారు. వరాలు ఇప్పుడు రేవు దగ్గర కూర్చుని ముళ్ళు వేస్తుంది. చేతులు చక్కగా ఉన్నాయి. ఎవరైనా తాడు మీద నడుస్తుంటే మాత్రం తల అటు తిప్పదు. ఇల్లు చేరడానికి గోడ పట్టుకుంటుంది, కాళ్ళకేసి చూసుకుంటుంది. నేను చెయ్యి ఇవ్వబోతే, "వచ్చేత్తాన్లే అక్కా" అంటుంది. కోపం లేదు దాని గొంతులో. నాతో మామూలుగానే మాట్లాడుతుంది, కూరలో ఉప్పెక్కువైందని వంక పెడుతుంది, నవ్వుతుంది కూడా.

ఇవాళ మధ్యాహ్నం దాని నీలిబిళ్ళ, నీళ్ళగ్లాసు పట్టుకెళ్ళాను. నీలిబిళ్ళంటే రాగి. తూకంపెట్టె కొలిచి ఇచ్చింది. ఇన్నేళ్ళలో నేను ఏది ఇచ్చినా వరాలు చూడకుండానే నోట్లో వేసుకునేది. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో, మాటల్లేని ఆ నెలలో కూడా, నేను పొట్లం ముందు పెడితే మొహం అటు తిప్పుకునే మింగేసేది.

బిళ్ళ అరచేతిలో పెట్టుకుని చూసింది. పాత గాయం గీత మీద పడింది అది.

"ఇది ఎక్కువైతే ఏమవుద్దక్కా?"

"వాంతులవుతాయి. మరీ ఎక్కువైతే కాలేయం చెడుతుంది. అందుకే నెలనెలా నెత్తురు చూసి తగ్గిస్తారు."

"దీంతోటి ఏది పడదు?"

"జింకు. అది సాయంత్రానికి జరిపాను, నీకు రావలసిన ఒక్క బిళ్ళే."

"ఈ పూట ఎంతుంది ఇందులో?"

చెప్పాను. డాక్టరు గారు రాసినంతే అని కూడా చెప్పాను. వరాలు తలూపింది. బిళ్ళని పమిట కొంగులో వేసి ముడి వేసుకుంది.

"రేపు గట్టుకెలతాను కదా. డాక్టరు గారినోసారి అడిగి ఏసుకుంటాలే అక్కా," అంది, నెమ్మదిగా, నా మనసు నొచ్చుకుంటుందేమోనని.

అలాగే అడుగు, అదే మంచిది అన్నాను. నీళ్ళగ్లాసు తీసుకుని వెనక్కి వచ్చేశాను.